గోడమీది పటం ఎన్నాళ్లుండాలి?

(మహిళల రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మూడేళ్లు నిండీ నిండకముందే మన పిల్లల్ని నర్సరీ బడికి పంపిస్తున్నాం. చేర్పించే ముందు ఓసారి వెళ్లి బడి చూసొస్తాం. గోడలనిండా రంగురంగుల పటాలూ, బీరువానిండా బొమ్మలూ కనిపిస్తే "ఫరవాలేదు, మంచి బడే" అనుకుని ఫీజు కట్టేస్తాం. అయితే ఆర్నెల్లు పోయాక మళ్లీ వెళ్లి అవే గోడల్నీ, అదే బీరువానీ చూసినవాళ్లం మనలో ఎంతమందిమి? చూసినా, "ఏమండీ టీచరుగారూ, ఈ పటం మారలేదేం?" అని అడిగినవాళ్లం ఎవరైనా ఉన్నామా? ఈవేళ మీతో ముచ్చటించదలచుకున్నది ఆ సంగతే.

నేను ఇరవయ్యేళ్లకు పైగా చిన్నపిల్లల బడిలో టీచరుగా పనిచేశాను. కాబట్టి ఒకరిని తప్పుపట్టే ముందు నా తప్పు చెప్పుకోవడం న్యాయం.

మా తరగతిలో పళ్ల పటం ఒకటి ఉండేది. మామిడి, అరటి, జామ, దానిమ్మ, ఇలా వరసగా పన్నెండు బొమ్మలు. రోజూ కర్రతో చూపిస్తే పిల్లలు ముక్తకంఠంతో చెప్పేవారు. తనిఖీకి వచ్చినవాళ్లు విని మెచ్చుకునేవారు. నాకూ గర్వంగానే ఉండేది. అలా ఆ పటం నాలుగేళ్లు ఆ మేకునే పట్టుకు వేలాడింది. ఒక వేసవిలో గోడలకు సున్నం వేయించారు. ఆ హడావుడిలో పటం చిరిగింది. బడి తెరిచాక అదే మేకుకి కూరగాయల పటం తగిలించాను. పాత పిల్లలే పై తరగతికి వెళ్లకుండా ఇంకా కొందరున్నారు. అలవాటుకొద్దీ మొదటి బొమ్మమీద కర్ర పెట్టాను. అది నవనవలాడే వంకాయ. ఆ పిల్లలు ఏమన్నారనుకున్నారు? "మామిడి!" అన్నారు. బెండకాయమీద పెడితే "అరటి!" అన్నారు. కాకరకాయని జామ చేసేశారు.

ముందు నవ్వొచ్చింది. తరవాత సిగ్గేసింది. ఆ పిల్లలు ఏనాడూ బొమ్మని చూడనేలేదన్నమాట. నేను కర్ర పెట్టే చోటునే కంఠతా పట్టారు. వాళ్ల ఇంట్లో రోజూ తరిగే వంకాయే గోడమీదకొచ్చేసరికి కంటికి ఆనలేదు.

ఇలా ఎందుకవుతుంది? రోజూ కనిపించేదాన్ని కన్ను చూడ్డం మానేస్తుంది. మనింట్లో కేలండరు నెల మార్చకపోతే ఎన్నాళ్లకి గమనిస్తాం చెప్పండి! పిల్లలకీ అంతే, పసికందులకి కూడా అంతే. రాబర్ట్ ఫాంట్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1964లో ఈ సంగతి చక్కగా చూపించాడు. నెలల పిల్లల ముందు రెండు బొమ్మలు పక్కపక్కనే పెట్టాడు. ఒకటి మార్చకుండా ఉంచి, రెండోది మాటిమాటికీ మార్చాడు. రెండు నెలలు దాటిన పిల్లలు మారని బొమ్మవంక చూడ్డం క్రమంగా తగ్గించి, మారేదానివైపే చూపు తిప్పుకున్నారు. మాటలు రాని పసివాడికే అలా ఉంటే, నాలుగేళ్లవాడు నాలుగేళ్ల నాటి పటాన్ని చూడలేదంటే ఆశ్చర్యమేముంది?

"అయితే ఇంకా బోలెడు బొమ్మలు కొని నింపాలన్నమాట" అనుకునేరు సుమండీ! అక్కడే చాలా బళ్లు పొరపాటు పడుతున్నాయి. 2014లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్లు 24 మంది కిండర్‌గార్టెన్ పిల్లలకి కొన్ని పాఠాలు గోడలనిండా అలంకరణ ఉన్న గదిలోనూ, కొన్ని బోసిగోడల గదిలోనూ చెప్పి చూశారు. బోసి గదిలో పిల్లల దృష్టి పాఠం మీద నుంచి తప్పిపోయిన సమయం నూటికి 28 వంతులైతే, అలంకరించిన గదిలో 39 వంతులదాకా పోయింది. నేర్చుకున్నదీ తగ్గింది. ఆటవస్తువుల సంగతీ ఇంతే. అదే దేశంలోని టొలీడో విశ్వవిద్యాలయం వాళ్ల పరిశీలన 2018లో అచ్చయింది. ఏడాదిన్నర నుంచి రెండున్నర ఏళ్లలోపు పిల్లలు 36 మందిని, ఒకసారి నాలుగు బొమ్మలతో, ఒకసారి పదహారు బొమ్మలతో ఆడనిచ్చారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. పదహారుంటే ఇది పట్టుకుని అది వదిలి, అది పట్టుకుని ఇది వదిలి తిరిగారు.

అంటే కావలసింది రాశులు పొయ్యడం కాదు, మార్చడం. కొన్ని బయట పెట్టాలి, కొన్ని లోపల దాచాలి. కొన్నాళ్లకి లోపలివి బయటికీ, బయటివి లోపలికీ వెళ్లాలి.

ఇది మనకి తెలియని విద్యేమీ కాదు. బొమ్మలకొలువు పెట్టే ఇళ్లలో అమ్మమ్మలు చేసేది ఇదే కదా! దసరాకో సంక్రాంతికో పెట్టెలోంచి పాతగుడ్డల్లో చుట్టిన బొమ్మల్ని ఒక్కొక్కటే విప్పుతుంటే పిల్లలు చుట్టూ మూగిపోతారు. కొండపల్లి ఏనుగు అంబారీ, ఏటికొప్పాక లక్కపిడతలు, కిందటేడాది చూసినవే అయినా "అబ్బ, ఇది మనదేనా!" అంటారు. అవే బొమ్మలు ఏడాది పొడుగునా అలమరలో ఉంటే దుమ్ము దులిపేది మనమే, వాళ్లు కన్నెత్తి చూడరు. పైగా కొలువులో ఏటా ఒక కొత్త బొమ్మయినా చేరాలనీ, పాతవాటిని వరస మార్చి పెట్టాలనీ మన పెద్దవాళ్లు ముచ్చటపడతారు.

మార్పంటే కేవలం కొత్త మోజు కోసమే కాదు. పిల్లవాడు ఎక్కే మెట్టుని బట్టి కూడా వస్తువు మారాలి. 1907లో రోము నగరంలో పేదల వాడలో పిల్లల ఇల్లు తెరిచిన మరియా మాంటిస్సోరీ తన వస్తువుల్ని వారం వారం మార్చమనలేదు. పిల్లల చేతికందే ఎత్తులో తెరిచిన అరల్లో పెట్టమంది. పిల్లవాడు ఒకదానిలో నేర్పు సాధించాక టీచరు గమనించి తరవాతిది అందించాలంది. ఆవిడ 1939లో మద్రాసు అడయారు వచ్చి, యుద్ధకాలమంతా మనదేశంలోనే ఉండి టీచర్లకు శిక్షణ ఇచ్చింది. 1945లో మహారాష్ట్రలోని బోర్డీలో తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ పేదపిల్లల వాడలకే బడిని తీసుకెళ్లి, ఖరీదైన వస్తువులకు బదులు ఆ చుట్టుపక్కల దొరికే గింజలూ, గవ్వలూ, ఆకులతోనే పాఠాలు నడిపారు. డబ్బు లేక మార్చలేకపోతున్నాం అనే మాటకి వాళ్ల బడే జవాబు.

మరి ఇంత తెలిసీ టీచర్లు ఎందుకు మార్చరు? బద్ధకం అనెయ్యడం తేలిక. నేను చూసినంతలో కారణాలు వేరే ఉన్నాయి.

మొదటిది భయం. నేను పనిచేసినచోట ఒక బొమ్మ విరిగితే దాని ఖరీదు టీచరు జీతంలోంచి కోసేవారు. ఇంకేముంది, బొమ్మలన్నీ బీరువాలోకి, తాళం నా కొంగుకి! 2023లో కేంద్రప్రభుత్వం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం బొమ్మలూ, తోలుబొమ్మలూ, ఆటలూ కూర్చి "జాదూయీ పిటారా" అనే పెట్టె తయారుచేసింది. ఎంత మాయపెట్టె అయినా మూత తెరిస్తేనే కదా మాయ! విరిగినవి రాసుకోవడానికి ఓ చిన్న పుస్తకం పెట్టి, "పిల్లలు వాడితే విరుగుతాయి, అది నేరం కాదు" అని బడి పెద్దలు ఒక్కమాట చెబితే సగం తాళాలు ఊడతాయి.

రెండోది తీరిక. ముప్ఫైమంది పిల్లల్ని ఒక్కర్తీ చూసుకుని, రిజిస్టర్లు రాసి, వాళ్లని ఇళ్లకు అప్పజెప్పేసరికి టీచరుకి ఊపిరాడదు. ఇంటికెళ్లి అట్టలు కత్తిరించమంటే ఎలా? మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఉన్న వస్తువుల్ని మూడు బుట్టలుగా పంచాం. పదిహేను రోజులకొకసారి శనివారం అరగంట ముందు పిల్లల్ని పంపించి బుట్ట మార్చేవాళ్లం. పక్క తరగతి టీచరూ నేనూ బుట్టలు ఇచ్చిపుచ్చుకునేవాళ్లం. దాంతో పైసా ఖర్చు లేకుండా ఇద్దరికీ కొత్త సరుకే! పిల్లలు మరీ మక్కువ పడ్డ ఒకటి రెండు వస్తువుల్ని మాత్రం కదిలించేవాళ్లం కాదు. అన్నీ ఒక్కసారే మాయమైతే పసిమనసు బెంగపడుతుంది.

మూడో కారణం అసలైనది. ఎవరూ గుర్తించకపోవడం. దీనికి బాధ్యత మనదీ ఉంది. మా బడికి ఒక కొత్త టీచరమ్మాయి వచ్చింది. చాలా హుషారు. చవితి రోజుల్లో రకరకాల పత్రి తెచ్చి ఆకుల అంచులు తడిమించేది. సంక్రాంతి ముందు రేగుపళ్లు లెక్కపెట్టించేది. పాత చీరల అంచులు కత్తిరించి జతలు కలపమనేది. నెల తిరిగేసరికి తల్లులు వచ్చారు. "ఏమండీ, ఎప్పుడూ ఆటలేనా? మావాడి పుస్తకంలో ఒక్క పేజీ నిండలేదు!" అన్నారు. ఒకరు కాదు, అయిదారుగురు. ఆ పిల్ల ఏమీ అనలేదు. మర్నాటినుంచి పలకలూ పుస్తకాలే. బుట్టలు అటకెక్కాయి. ఆమె ముఖంలో ఉత్సాహం కూడా వాటితోపాటే అటకెక్కింది.

మళ్లీ ఎలా దిగాయో చెబుతాను. ఓ మధ్యాహ్నం మనవణ్ణి తీసుకెళ్లడానికి ఒక మామ్మగారు వచ్చారు. "ఏమ్మా, ఆ గవ్వల ఆట మాన్పించేశావటగా? మావాడు రోజూ రాత్రి అదే గొడవ. నాలుగు గవ్వలూ రెండు గవ్వలూ ఆరని వాడే చెప్పాడు నాకు" అన్నారు. మర్నాడు ఇంట్లో మూలపడున్న వామనగుంటల పీటా, సంచీడు చింతగింజలూ తెచ్చిచ్చారు. పది నిమిషాలు కూచుని ఆడించి కూడా వెళ్లారు. ఆ సాయంత్రమే ఆ అమ్మాయి బల్లెక్కి బుట్టలు దింపుకుంది. ఏ సర్టిఫికెట్టూ, ఏ బహుమతీ చేయలేని పని, తన పని ఒక ఇంటిదాకా వెళ్లిందన్న ఆ ఒక్క కబురు చేసింది.

తరవాత ఆమె ఇంకో అలవాటు చేసుకుంది. బుట్ట మార్చిన మర్నాడు ఎవరు దేన్ని పట్టుకున్నారో, ఎవరు దేని జోలికీ పోలేదో నాలుగు ముక్కలు రాసుకునేది. "ఫలానా పిల్ల ఏమీ మాట్లాడదు" అనుకున్నదల్లా గుడ్డముక్కల బుట్ట పెట్టగానే "ఇది మా అమ్మ చీరలా ఉంది" అందట. అలాంటివి పదిసార్లు చూశాక టీచరుని ఎవరూ ప్రోత్సహించనక్కర్లేదు. ఈసారి ఏం పెడితే ఏం జరుగుతుందోనని ఆమెకే ఆరాటం పుడుతుంది.

ఇంతకీ ఇళ్లలో ఉండే మనం ఏం చెయ్యగలం?

పిల్లవాడు ఇంటికి రాగానే "ఇవాళ ఎన్ని అక్షరాలు రాశావు?" అని మాత్రమే కాకుండా "ఇవాళ కొత్తగా ఏం చూశావు? దేంతో ఆడావు?" అని అడుగుదాం. వాడు చెప్పింది వీలైనప్పుడు టీచరు చెవిన వేద్దాం. మెచ్చుకోలు నిజమైనదై, ఫలానా పని గురించినదై ఉండాలి. ఊరికే "బాగా చెబుతున్నారు" అంటే ఆమెకు ఒరిగేదేం లేదు.

ఇంట్లో పారేసేవాటిని ఓ సంచీలో వేసి నెలకోసారి పంపుదాం. దారపు కండెలు, ఖాళీ అగ్గిపెట్టెలు, కొబ్బరిచిప్పలు, పాత శుభలేఖలు, పెద్ద బొత్తాలు, అట్టపెట్టెలు, ఇలా ఏదైనా సరే. కాని జాగ్రత్త! మందు సీసాలు, అంచులు కోసుకునే డబ్బాలు పంపకండి. చిన్న పూసలూ, గింజలూ పిల్లలు నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు. మూడేళ్లలోపు వాళ్లున్నచోట వాటిని గట్టి సీసాలో పోసి, మూత బిగించి, చప్పుడు వినడానికే ఇవ్వాలి. పెద్దపిల్లలకైనా టీచరు పక్కన ఉన్నప్పుడే ఇవ్వాలి.

పిల్లవాడు బడిలో ఏదైనా విరగ్గొట్టాడని తెలిస్తే టీచరుతో పోట్లాటకి దిగొద్దు. అలాగే చొక్కాకి రంగంటిందనీ, చేతులకు మట్టయిందనీ ఫిర్యాదు చెయ్యొద్దు. మీ ఫిర్యాదు ఒక్కటే కావచ్చు, దాంతో బీరువాకి ముప్ఫైమంది పిల్లల మీదా తాళం పడుతుంది.

ఇంట్లోనూ ఈ పద్ధతి పాటించండి. ఉన్న బొమ్మల్లో సగం మూటగట్టి అటకమీద పెట్టండి. పదిహేను రోజులయ్యాక దింపండి. కొత్త బొమ్మ కొనమని మారాం చేసే పిల్లవాడు పాతబొమ్మనే కౌగిలించుకోవడం మీరే చూస్తారు.

నా తరగతిలో ఆ కూరగాయల పటం తరవాత ఎన్నాళ్లుందంటారా? మూడు వారాలు. ఆ తరవాత దాన్ని తీసి, నిజం వంకాయలూ, బెండకాయలూ ఓ చేటలో పోసి పిల్లల మధ్య పెట్టాను. "మామిడి" అన్న పిల్లవాడే వంకాయ తొడిమ తడిమి చూసి, "ముల్లుంది టీచర్!" అన్నాడు. అన్నేళ్ల సర్వీసులో వాడు నాకు చెప్పిన మొదటి పాఠం అది. ఈసారి మీ పిల్లల బడికి వెళ్లినప్పుడు గోడమీది పటాన్ని ఒక్కసారి చూసి రండి. మారి ఉంటే ఆ టీచరుకి ఆ మాట చెప్పి రండి.