తాజ్‌మహల్ ఫోటో - యమునకి అవతలి గట్టు నుంచి

మన ఇళ్ళల్లో ఆల్బమ్ తెరిస్తే తాజ్‌మహల్ ముందు పాలరాతి బెంచీ మీద కూర్చుని దిగిన ఫోటో ఒకటైనా ఉంటుంది. ముందు నీళ్ళ కాలువ, వెనక తెల్లటి గుమ్మటం, పైన ఆకాశం. అందంగానే ఉంటుంది. కానీ ఆ ఫోటోలో యమునా నది కనిపించదు. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు కెమెరా పట్టుకుని అవతలి గట్టుకి కూడా వెళ్ళి రండి. ఎందుకో చెబుతాను.

ముంతాజ్ మహల్ 1631లో చనిపోయింది. మరుసటి ఏడాది షాజహాన్ ఆగ్రాలో యమున ఒడ్డున ఆమె సమాధి కట్టించడం మొదలుపెట్టాడు. ఢిల్లీలో హుమాయూన్ సమాధి చూసినవారికి గుర్తుండే ఉంటుంది, అక్కడ సమాధి తోట మధ్యలో ఉంటుంది. తాజ్ మాత్రం తోట చివర, నది అంచున ఉంది. నదికి అవతల సరిగ్గా అదే వరసలో మెహతాబ్ బాగ్, అంటే వెన్నెల తోట ఉంది. దాన్ని కూడా కలుపుకుని చూస్తే తాజ్ మళ్ళీ మధ్యకి వస్తుంది. నది తాజ్‌కి పెరడు కాదన్నమాట, ఆ తోటలో భాగమే!

1990లలో పురావస్తు శాఖ వారు అక్కడ తవ్వితే ఫౌంటెన్లున్న పెద్ద అష్టకోణపు కొలను బయటపడింది. షాజహాన్ అక్కడ "నల్ల తాజ్" కట్టబోయాడన్న కథకి మాత్రం ఆధారం దొరకలేదు.

ఇక ఫోటో సంగతి. మెహతాబ్ బాగ్‌లో నిలబడి మనం దక్షిణం వైపు చూస్తాం. డిసెంబరు సెలవుల్లో సూర్యుడు నైరుతిలో దిగుతాడు కాబట్టి మనకి ఎదురుగా ఉన్న ముఖం నీడలో ఉంటుంది. నారింజ రంగు ఆకాశం మీద నల్లటి ఆకారంగా తీయడానికి అది మంచి సమయం. మే, జూన్‌లలో సూర్యుడు వాయవ్యంలో అస్తమిస్తాడు, అప్పుడు అదే ముఖం మీద సాయంత్రపు ఎండ పడుతుంది.

కెమెరా మీటరు ప్రతి దృశ్యాన్నీ మధ్యస్థమైన బూడిద రంగుగా లెక్కేస్తుంది. అందుకే ఫ్రేము నిండా తెల్లరాయి గానీ పొగమంచు గానీ ఉంటే ఫోటో మాసినట్టు వస్తుంది. ఎక్స్‌పోజర్ అర నుంచి ఒక స్టాప్ పెంచండి. ఫోన్ అయితే తాజ్ మీద వేలితో తాకి, వెలుగు కాస్త పెంచండి. కెమెరాని పైకెత్తితే మీనార్లు లోపలికి వాలినట్టు కనిపిస్తాయి. సమంగా పట్టుకుని, కింది భాగంలో నీళ్ళని, ఇసుకని, గడ్డిని రానివ్వండి.

ఆ నీళ్ళు ఎలా ఉంటే అలాగే రానివ్వండి. ఎండాకాలంలో నది బాగా సన్నబడుతుంది, మురుగు కనిపిస్తుంది. దాన్ని కంప్యూటర్లో చెరిపెయ్యాలనిపిస్తుంది. వద్దు. 2016 ప్రాంతంలో ఆ మురికి నీళ్ళలో పెరిగిన పురుగులు నది వైపు గోడల పాలరాతి మీద ఆకుపచ్చ మరకలు చేశాయి. 2023 జులైలో వరద వచ్చి మెహతాబ్ బాగ్‌ని ముంచి, తాజ్ బయటి గోడని తాకింది. ఇదే తోట వరదలో మునిగిందని ఔరంగజేబు 1652లోనే తండ్రికి ఉత్తరం రాశాడు. నది బాగోగులే తాజ్ బాగోగులు. తాజ్‌ని కాలుష్యం నుంచి కాపాడమని 1996లో సుప్రీం కోర్టు తీర్పిచ్చింది. ఆ తీర్పు ముఖ్యంగా పరిశ్రమల పొగ గురించి. నది మాట ఇంకా మిగిలే ఉంది.

కొన్ని చిన్న సంగతులు: శుక్రవారం తాజ్‌లోకి సందర్శకులని రానివ్వరు. లోపల సమాధుల దగ్గర ఫోటోలు తీయకూడదు. ట్రైపాడ్, డ్రోన్ తీసుకెళ్ళకండి. ఓసీఐ కార్డు ఉన్నవారికి 2021 నాటి ఉత్తర్వు ప్రకారం ఇలాంటి కట్టడాల దగ్గర భారతీయుల టికెట్టు ధరే వర్తిస్తుంది. కార్డు మర్చిపోకండి.

తిరిగొచ్చాక ఆల్బమ్‌లో ఆ బెంచీ ఫోటో పక్కనే ఈ ఫోటో కూడా పెట్టండి. ఈ నది ఇలా ఉందేమిటని పిల్లలు అడిగితే, వాళ్ళకి చెప్పడానికి మీ దగ్గర ఒక కథ ఉంటుంది.