‘చెప్పు’ దాటితే చిక్కే!

ఇంటర్వ్యూలో మీకు బొత్తిగా తెలియని ప్రశ్న వచ్చింది. ‘తెలియదు సార్’ అనడానికి నోరు రాదు. ఏదో ఒకటి అల్లేస్తారు. అందులోంచే ఇంకో ప్రశ్న. ఇక అక్కడి నుంచి తవ్వకమే!

ఇలా తెలియని విషయంలో తగుదునమ్మా అని మాట్లాడేవాళ్లకు ఇంగ్లిష్‌లో ఓ పాత పదం ఉంది... అల్ట్రాక్రెపిడేరియన్. నోరు తిరగడం లేదు కదూ! విడగొడితే తేలికే. లాటిన్‌లో ‘అల్ట్రా’ అంటే దాటి, ‘క్రెపిడా’ అంటే చెప్పు.

మాటకూ చెప్పుకూ ఏం సంబంధమంటారా? ఒకటో శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ చెప్పిన కథ ఇది. గ్రీకు చిత్రకారుడు అపెలీజ్ తన బొమ్మల్ని నలుగురూ తిరిగే చోట పెట్టి, వెనక నక్కి వాళ్ల మాటలు వినేవాడట. చెప్పులు కుట్టే వ్యక్తి ఒకతను, బొమ్మలో చెప్పుకి ఒక మెలిక తక్కువైందన్నాడు. అపెలీజ్ వెంటనే దిద్దేశాడు. మర్నాడు అదే ధీమాతో అతను కాలికీ వంక పెట్టాడు. అపెలీజ్ తల బయటపెట్టి, ‘చెప్పు దాటి పైకి రాకు’ అన్నాడు.

చెప్పు గురించి మాట్లాడినంతవరకూ అంత పెద్ద చిత్రకారుడూ విన్నాడు, గమనించండి. ఇంటర్వ్యూలోనూ అంతే. ‘దీని మీద పని చేయలేదు సార్. మా ప్రాజెక్టులో డేటాబేస్ భాగం నేనే చేశాను, అది వివరంగా చెప్పగలను’ అనండి. సంభాషణ మీకు తెలిసిన చోటికి వచ్చే అవకాశం ఉంటుంది.

అన్నట్టు, ఈ పదాన్ని గ్రూప్ డిస్కషన్‌లో ఎవరి మీదా విసరకండి. దీని పుట్టుకలోనే ఓ ఎత్తిపొడుపు ఉంది. 1819లో ఆంగ్ల రచయిత విలియం హాజ్లిట్ దీన్ని ‘క్వార్టర్లీ రివ్యూ’ సంపాదకుడు విలియం గిఫర్డ్ మీద ప్రయోగించాడు. ఆ గిఫర్డ్ కుర్రతనంలో నిజంగానే చెప్పులు కుట్టే పని నేర్చుకున్నవాడు. తల్లిదండ్రులు లేరు, కాగితం కొనడానికి డబ్బుల్లేవు. తోలుముక్కల్ని నున్నగా సాగగొట్టి, చెప్పులు కుట్టే మొండి సూదితో వాటి మీద ఆల్జీబ్రా లెక్కలు చేసుకున్నాడు. తర్వాత ఊళ్లోని ఒక డాక్టర్ చేయూతనిస్తే ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు. ఆ తోలుముక్కల సంగతి గిఫర్డే స్వయంగా రాసుకున్నాడు, దాచుకోలేదు.