తీరం తెలిసిన డింభకం

సముద్రపు అడుగున శిలలను అంటిపెట్టుకొని, ముళ్లబంతి వలె కనిపించే ప్రాణి సీ అర్చిన్. దాని శైశవం మాత్రం నడిసంద్రంలో గడుస్తుంది. కాలిఫోర్నియా తీరంలో నివసించే ఊదారంగు అర్చిన్ అండం నుండి వెలువడే డింభకం నలుసంత ఉంటుంది. పొడవైన చేతులపై గల శైలికలతో ఈదుతూ, సూక్ష్మమైన శైవలాలను భుజిస్తూ వారాల తరబడి ప్రవాహాల వెంట సాగిపోతుంది. తల్లికీ దానికీ పోలికే లేదు. ఆ దేహంలోనే, ఎడమ ప్రక్కన, రాబోయే బాల అర్చిన్ అంకురించి ముళ్లతో, నాళికా పాదాలతో క్రమంగా రూపుదిద్దుకొంటుంది. గుడ్డుగా ఒకమారు, పిల్లగా మరొకమారు పుడుతుందని పక్షిని మన ప్రాచీనులు ద్విజమన్నారు. ఆ లెక్కన అర్చిన్‌కు మూడు జన్మలు!

ఈ మూడవ జన్మ ప్రమాదభరితమైనది. డింభకం నాళికా పాదాలను వెలుపలికి చాచి నేలను తడిమి చూస్తుంది. అనుకూలమని తోచితే అంటుకొని, స్వల్పకాలంలోనే రూపాంతరం చెందుతుంది. ఈదిన చేతులు కుంచించుకొనిపోతాయి. కొత్త నోరు తెరచుకోవడానికి కొన్ని దినాలు పడుతుంది. చోటు తప్పితే తిరిగి ఈదిపోయే ఉపాయం లేదు.

మరి తగిన చోటు దానికెలా తెలుస్తుంది? శైవలాల నుండి, రాళ్లపై పేరుకొన్న బాక్టీరియా పొరల నుండి వెలువడే రసాయనాలు పిలుపునిస్తాయని శాస్త్రజ్ఞులు ఏనాడో గ్రహించారు. అయితే ఆ వాసనలు నేలకు చేరువలోనే సోకుతాయి. దూరం నుండి వచ్చే డింభకాన్ని ముందుగా మేల్కొలిపేదేది? బ్రయాన్ గేలార్డ్, జేసన్ హోడిన్, మాథ్యూ ఫెర్నర్ అనే శాస్త్రవేత్తలు 2013లో దీనికి సమాధానం ప్రకటించారు. ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు స్తూపాల నడుమ నీటిలో డింభకాలను ఉంచి, స్తూపాన్ని త్రిప్పి, శిలాతీరాన అలలు విరిగేచోట ఉండేటంత కల్లోలం కల్పించారు. కొద్ది నిమిషాల ఆ కుదుపుతోనే, ఇంకా సిద్ధం కావలసిన డింభకాలు సైతం రసాయన సంకేతానికి స్పందించి స్థిరపడసాగాయి. ఇక్కడొక సూక్ష్మభేదముంది: కల్లోలం చోటును ఎన్నుకోదు; తీరం సమీపించిందని హెచ్చరిస్తుంది. ఎంపిక రసాయనాలకు చెందినది.

ఈ పరిశోధన కేవలం కుతూహలం తీర్చేది కాదు. 2013లో మొదలైన వ్యాధితో అర్చిన్‌లను తినే పొద్దుతిరుగుడు నక్షత్రచేపలు నశించాయి. 2014-16 మధ్య సముద్రజలాలు అసాధారణంగా వేడెక్కాయి. ఊదా అర్చిన్‌లు విజృంభించి మేయగా, ఉత్తర కాలిఫోర్నియా తీరంలోని కెల్ప్ వనాలలో 90 శాతానికి పైగా అంతరించాయి. ఏ తీరాన ఎన్ని డింభకాలు దిగుతాయో తెలియనిదే ఆ వనాల భవిష్యత్తును అంచనా వేయలేరు. నలుసంత ప్రాణిని సాగరంలో వెంబడించడం సాధ్యమా? అందుకే అలను ప్రయోగశాలకు తేవలసివచ్చింది.