ఆర్థిక అవకాశాలు, సామాజిక గతిశీలత - ఆరోగ్యంపై ప్రభావం

ఉపోద్ఘాతం:
ఆదాయం పెరిగితే ఆరోగ్యం మెరుగుపడుతుందన్నది అందరూ అంగీకరించే విషయమే. పౌష్టికాహారం, వైద్యం, మంచి నివాసం డబ్బుతో సమకూరుతాయి. అయితే ఆదాయం వేరు, అవకాశం వేరు. ఆదాయం నేటి స్థితిని తెలుపుతుంది. రేపటి స్థితి మారగలదన్న నమ్మకానికి అవకాశం ఆధారమవుతుంది. తల్లిదండ్రుల కన్నా పిల్లలు మెరుగైన స్థాయికి చేరడాన్ని సామాజిక శాస్త్రంలో ఊర్ధ్వ గతిశీలత అంటారు. ఆ దారి మూసుకుపోతే ఆరోగ్యం ఏమవుతుందో అమెరికాలో జరిగిన కొన్ని అధ్యయనాలు వివరిస్తున్నాయి.

కర్మాగారాల మూసివేత:
పెద్ద చదువు లేనివారికి సైతం కార్ల పరిశ్రమ అక్కడ మధ్యతరగతి జీవితాన్ని అందించింది. 1999-2016 మధ్య 112 కౌంటీలను పరిశీలించిన అధ్యయనం 2020లో వెలువడింది. కార్ల కర్మాగారం మూతపడిన ఐదేళ్లకు, ఆ ప్రాంతాల్లో 18-65 ఏళ్ల వారిలో ఓపియాయిడ్ మందులు మోతాదు మించడం వల్ల సంభవించిన మరణాల రేటు, మూతపడకుంటే ఉండగల అంచనా కన్నా 85 శాతం ఎక్కువగా నమోదైంది. ఇందులో ఆదాయ నష్టం పాలెంత, ఆశాభంగం పాలెంత అని విడదీయడం కష్టం.

విశ్వవిద్యాలయ ప్రవేశాలు:
ఆ భేదాన్ని గుర్తించడానికి మరొక అధ్యయనం తోడ్పడుతుంది. 1996-2013 మధ్య తొమ్మిది రాష్ట్రాలు ప్రభుత్వ విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో జాతిపరమైన ప్రాధాన్యాన్ని నిషేధించాయి. ఆ తరువాత అక్కడి 11, 12 తరగతుల నల్లజాతి, హిస్పానిక్, ఆదివాసీ విద్యార్థుల్లో సిగరెట్ తాగేవారి శాతం 3.8 పాయింట్లు పెరిగిందని 2019లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. ఈ నిషేధం ఆ కుటుంబాల ఆదాయాన్ని నేరుగా తగ్గించలేదు. పిల్లల భవిష్యత్తుపై ఉన్న అంచనాను మాత్రం తగ్గించింది. రేపటి కోసం నేటి సుఖాన్ని వదులుకోవడానికి కారణం కనబడనప్పుడు ఆరోగ్యకరమైన అలవాట్లు సడలుతాయి.

ఎదుగుదలకు చెల్లించే మూల్యం:
అవకాశం దక్కిన వారందరికీ ఆరోగ్యం దక్కుతుందనీ చెప్పలేము. జార్జియా రాష్ట్ర గ్రామీణ నల్లజాతి యువతపై జరిగిన అధ్యయన ఫలితాలు 2015లో వెలువడ్డాయి. పేద కుటుంబాల నుంచి వచ్చి, ఆత్మనిగ్రహం ఎక్కువగా గలవారిలో కుంగుబాటు, మాదకద్రవ్యాల వాడకం తక్కువగా ఉన్నాయి. కాని వారి కణాల్లో వార్ధక్య లక్షణాలు వేగంగా కనిపించాయి. కలిగిన కుటుంబాల యువతలో ఈ వైరుధ్యం లేదు.

ముగింపు:
దీనినిబట్టి విద్యా ప్రవేశాలు, ఉపాధి విధానాలు కూడా ప్రజారోగ్య విధానాలేనని గ్రహించాలి. అవకాశం కల్పించడంతో బాధ్యత తీరదు. మొదటి తరంగా చదువుకుని పైకి వచ్చినవారిని విజేతలుగా లెక్కించి విడిచిపెట్టక, ఆ ప్రయాణంలో వారి దేహం మోసిన భారాన్ని కూడా పరిశోధన లెక్కలోకి తీసుకోవాలి.