రొమ్ము పట్టని పసికందుకు ఉగ్గుగిన్నె ఆసరా

కాన్పయి మూడో రోజు. బిడ్డ రొమ్ము అందుకోదు. అందుకున్నా రెండు చప్పరింపులకే నిద్రలోకి జారుకుంటుంది. చూడవచ్చిన అమ్మలక్కలు ‘తల్లికి పాలు పడలేదు’ అని తేల్చేస్తారు. సాయంత్రానికి పాలడబ్బా, సీసా ఇంటికి వస్తాయి. ఏ ఊళ్లోనైనా జరిగేదే ఇది.

నిజానికి చాలాసార్లు లోటు పాలది కాదు. బిడ్డకు అందుకునే శక్తి చాలదు, లేదా పట్టు కుదరదు. బరువు తక్కువ బిడ్డలు త్వరగా అలసిపోతారు. 34 వారాల లోపు పుట్టినవారికైతే చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం ఒకేసారి కుదరవు. వారిని ఆస్పత్రిలోనే ఉంచాలి. తొలి రెండు మూడు రోజులు పాలు కూడా కొద్దిగానే వస్తాయి. పసుపుపచ్చగా, చిక్కగా ఉండే ఆ ముర్రుపాలు పూటకు చెంచాడైనా పసికడుపుకు చాలు. ఈనిన గేదె ముర్రుపాలు దూడ తాగాలని రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. సొంత బిడ్డ దగ్గరికి వచ్చేసరికి మాత్రం వాటిని పిండి పారబోసి, తేనె నాకించే ఇళ్లు ఇంకా ఉన్నాయి!

ముందు పట్టుకునే తీరు చూడాలి. బిడ్డ పొట్ట తల్లి పొట్టకు ఆనాలి. నోరు బాగా తెరిచాక చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా చాలావరకు నోట్లోకి పోవాలి. నొప్పి పెడుతుంటే పట్టు కుదరలేదన్నమాట. విడిపించి మళ్లీ పట్టించాలి. బట్టలు తీసి తల్లి గుండెలకు ఆనించి పడుకోబెడితే చాలామంది బిడ్డలు రొమ్మును తామే వెతుక్కుంటారు.

అప్పటికీ పట్టకపోతే అటక మీది ఉగ్గుగిన్నె దించాల్సిందే. తల్లి సబ్బుతో చేతులు కడుక్కుని, బొటనవేలు పైన, చూపుడువేలు కింద నల్లని భాగం అంచున ఉంచి, ఛాతీవైపు నొక్కి పిండాలి. మొదట చుక్కలే వస్తాయి; కంగారు పడనక్కరలేదు. చేతకాకపోతే ఊళ్లోని ఆశా కార్యకర్తను పిలిస్తే చూపిస్తుంది. నీళ్లలో మరిగించిన గిన్నెలో పాలు పోసి, మేలుకొని ఉన్న బిడ్డను ఒడిలో సగం కూర్చున్నట్టు పట్టుకుని, గిన్నె ముక్కును కింది పెదవికి ఆనించాలి. గుక్క మింగాకే మరో గుక్క. పడుకోబెట్టి పోస్తే పొలమారుతుంది. రెండు మూడు గంటలకోసారి, రాత్రిళ్లు కూడా పిండాలి. లేకుంటే పాలు తగ్గుతాయి. సీసా మాత్రం వద్దు. పాలపీకకు అలవాటు పడ్డ బిడ్డ రొమ్ము దగ్గర మొరాయిస్తుంది. పాలడబ్బాలకు, సీసాలకు ప్రకటనలు ఇవ్వడాన్ని 1992 నాటి చట్టం ఊరికే నిషేధించలేదు.

అయిదో రోజు దాటాక రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోస్తుంటే పాలు చాలుతున్నట్టే. ఒళ్లు చల్లబడినా, జ్వరం తగిలినా, లేపినా లేవకపోయినా, పాలు పూర్తిగా మానేసినా ఉగ్గుగిన్నె పక్కన పెట్టి వెంటనే 108కి ఫోన్ చేయాలి.