కాపలాదారు గొంతుతో దొంగ

‘‘మీ ఖాతాను మనీ లాండరింగ్‌కు వాడారు. లైన్లో ఉండండి, పోలీసు అధికారికి కలుపుతున్నాం.’’

హైదరాబాద్‌లో, విశాఖలో ఈ మాట విని జీవితకాలపు పొదుపు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. దీనికి ‘డిజిటల్ అరెస్ట్’ అని పేరు పెట్టి, కొత్త నేరం అనుకుంటున్నాం. తైవాన్‌లో జనం ఇలాంటి ఫోన్లు ఇరవై ఏళ్ల కిందటే ఎత్తారు. మొదట ఒక గుమస్తా, తర్వాత పోలీసు, ఆపైన ప్రాసిక్యూటర్ మాట్లాడతారు. విచారణ ముగిసేదాకా డబ్బంతా ‘ప్రభుత్వ పర్యవేక్షణలోని ఖాతా’లో ఉంచమంటారు. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పొద్దంటారు.

నేరం జరగాలంటే మూడు కలిసి రావాలని అమెరికా పరిశోధకులు లారెన్స్ కోహెన్, మార్కస్ ఫెల్సన్ 1979లో ప్రతిపాదించారు: నేరానికి సిద్ధపడ్డవాడు, చిక్కే లక్ష్యం, కాపలా లేకపోవడం. సైబర్ నేరాలను చదివేవాళ్లు నేటికీ ఈ సూత్రంతోనే మొదలుపెడతారు. కానీ ఇక్కడ కాపలా లేకపోవడం కాదు, దొంగే కాపలాదారు గొంతుతో వస్తున్నాడు. పోలీసును ఎదురు ప్రశ్నించే అలవాటు లేని సమాజంలో ఆ గొంతును మించిన ఆయుధం ఏముంటుంది?

ఆ గొంతు ఎక్కడి నుంచి వస్తుందో కూడా చూడాలి. చైనాలో ఇలా ఫోన్ చేసేవాడు తరచూ షాంఘైనో బీజింగ్‌నో చెబుతాడు, పక్క వీధి స్టేషన్ పేరు ఎత్తడు. చైనా గ్రామీణులు స్థానిక అధికారుల కన్నా కేంద్రాన్ని ఎక్కువ నమ్ముతారని పరిశోధకుడు లీ లియన్‌జియాంగ్ 2004లోనే రాశారు. మోసగాళ్ల పెట్టుబడి ఆ నమ్మకమే అని నాకు అనిపిస్తుంది. మనకూ ‘ముంబై పోలీసులు’, ‘సీబీఐ’ అంటూనే ఫోన్లు వస్తాయి. మన ఊరి ఎస్సై అయితే తెలిసినవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి అడగొచ్చు. దూరాన ఉన్న అధికారిని ఎక్కడని వెతుకుతాం?

తైవాన్ ఊరుకోలేదు. 2004లో 165 నంబరుతో మోసాల నిరోధక హెల్ప్‌లైన్ పెట్టింది. మరుసటి ఏడాది, ముందుగా నమోదు చేయని ఖాతాలకు ఏటీఎం నుంచి రోజుకు 30,000 తైవాన్ డాలర్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. ముఠాలు జలసంధి దాటి చైనాలోని ఫుజియన్‌కు చేరాయి. ఫోన్ ఒక ఒడ్డున, బాధితుడు మరో ఒడ్డున. తైవాన్‌కు ఇంటర్‌పోల్‌లో సభ్యత్వం లేదు. రెండు పోలీసు వ్యవస్థలూ నేరుగా మాట్లాడుకునే దారి ఇరుకు. తైవాన్ జలసంధికి ఇరువైపులా సైబర్ నేరాలను, చట్టాలను పోల్చి పరిశోధకుడు లెనన్ చాంగ్ 2012లో పుస్తకమే తెచ్చారు. ఇరుపక్షాలూ నేరాల విషయంలో సహకరించుకోవాలని 2009 ఏప్రిల్‌లో నాన్‌జింగ్‌లో ఒప్పందం చేసుకున్నాయి. ముఠాలు ఇంకా దూరం జరిగాయి: ఆగ్నేయాసియాకు, కెన్యాకు.

2016 ఏప్రిల్‌లో కెన్యా 45 మంది తైవానీయులను చైనాకు అప్పగించింది. బాధితులు మావాళ్లని బీజింగ్ అంది, నిందితులు మా పౌరులు, ఇది అపహరణ అని తైపే మండిపడింది. తైవాన్‌కు తిరిగొచ్చిన నిందితులు సాక్ష్యం చాలక, తేలిక శిక్షలతో బయటపడుతున్నారన్న చైనా ఫిర్యాదులో నిజం ఉంది. అయినా విచారణకు ముందే వాళ్ల ఒప్పుకోళ్లను చైనా టీవీలో చూపించడాన్ని న్యాయం అనలేను.

అదే ఏడాది ఆగస్టులో చైనాలోని షాన్‌డాంగ్‌లో 18 ఏళ్ల అమ్మాయి కాలేజీ ఫీజుకు దాచిన 9,900 యువాన్లు ఒక ఫోన్ మోసంలో పోగొట్టుకుంది. పోలీసులకు ఫిర్యాదు చేసి ఇంటికి వస్తూ కుప్పకూలింది, గుండె ఆగి చనిపోయింది. దేశమంతా కదిలిపోయింది. 2021లో ప్రభుత్వం మోసాల నిరోధక యాప్ తెచ్చింది. 2022 డిసెంబరు 1న ప్రత్యేక చట్టం అమల్లోకి వచ్చింది. ఆ యాప్‌ను జనం ఫోన్లలో బలవంతంగా ఎక్కించారన్న ఫిర్యాదులూ వచ్చాయి. పోలీసు పేరు చెబితే వణికే అలవాటే ఈ మోసానికి మూలమైతే, కొత్త బలవంతం ఆ వణుకును తగ్గిస్తుందా?

ఇప్పుడు ఆ ఫోన్లు మయన్మార్‌లోని మ్యావడ్డీ, కంబోడియాలోని సిహనూక్‌విల్ లాంటి చోట్ల ప్రహరీలు కట్టిన సముదాయాల నుంచి వస్తున్నాయి. మయన్మార్‌లో కనీసం 1,20,000 మందిని, కంబోడియాలో సుమారు 1,00,000 మందిని నిర్బంధించి ఈ పని చేయిస్తూ ఉండొచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023లో అంచనా వేసింది. వాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి యువకులను కంబోడియాకు పంపిన ఏజెంట్లను 2024 మేలో విశాఖ పోలీసులు అరెస్టు చేశారు. అక్కడ చైనా ముఠాల చేతిలో పడి, సాటి భారతీయులకే ఫోన్లు చేయాల్సి వచ్చింది ఆ పిల్లలకు. 2025 మార్చిలో మ్యావడ్డీ నుంచి బయటపడి వైమానిక దళ విమానాల్లో వచ్చినవాళ్లలోనూ తెలుగువాళ్లున్నారు. వాళ్లను కేవలం నిందితులుగా చూస్తే వాళ్లు నోరు విప్పరు. ఆ ముఠాలు ఎలా నడుస్తాయో లోపలి నుంచి చెప్పగలిగింది వాళ్లే.

తైవాన్‌లో అనుమానం రాగానే 165కు ఫోన్ చేసి ‘ఇది నిజమా?’ అని అడగొచ్చు. మన సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 ప్రధానంగా డబ్బు పోయాక ఫిర్యాదు చేసే నంబరు. డబ్బు పంపకముందే, ‘నాకు ఫోన్ చేసినాయన నిజంగా పోలీసేనా?’ అని ఒక పెద్దాయన అడిగితే, విసుక్కోకుండా తెలుగులో జవాబిచ్చే మనిషి ఆ లైన్లో ఉండాలి. అందుకు కొత్త చట్టం అక్కర్లేదు. రెండు తెలుగు ప్రభుత్వాలూ తలుచుకుంటే ఈ ఏడాదే మొదలుపెట్టొచ్చు.