ఇంపీరియల్ పిల్స్‌నర్ - రుచి పరీక్ష

ఇంపీరియల్ పిల్స్‌నర్ అనగా సాధారణ పిల్స్‌నర్ కంటె ఎక్కువ మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), ఎక్కువ హాప్ పువ్వులు వాడి తయారుచేసే గాఢమైన లేతరంగు బీరు. దీనిలో ఆల్కహాలు తరచు 7 నుండి 9 శాతం వరకు ఉంటుంది. దీని గుణదోషాలను నిర్ణయించడం రుచి పరీక్షకులకు కఠినమైన పని. నల్లని బీర్లలో వేయించిన గింజల ఘాటు చిన్న లోపాలను కప్పివేయగలదు. పిల్స్‌నర్‌కు అటువంటి మరుగు లేదు.

నేపథ్యం

మొదటి పిల్స్‌నర్‌ను 1842లో బొహీమియా (నేటి చెక్ దేశం)లోని ప్లజెన్ నగరంలో, బవేరియాకు చెందిన జోసెఫ్ గ్రోల్ తయారుచేశాడు. అక్కడి లవణాలు తక్కువగల నీరు, జాటెక్ ప్రాంతపు హాప్ పువ్వులు, చల్లనిచోట నెమ్మదిగా పులియబెట్టే ఈస్ట్ దాని ప్రత్యేకతకు కారణాలు. ఆ సంప్రదాయపు పిల్స్‌నర్ ఉర్కెల్‌లో ఆల్కహాలు 4.4 శాతమే. అమెరికాలో బోస్టన్ బీర్ కంపెనీ తయారుచేసిన హాలర్టావ్ ఇంపీరియల్ పిల్స్‌నర్‌లో అది 8.8 శాతం, అనగా సరిగ్గా రెట్టింపు. మన దేశంలో "స్ట్రాంగ్" పేరుతో అమ్మే బీర్లు ఈ కోవకు చెందవు. వాటిలో పలువాటికి మాల్టుతో పాటు బియ్యం, చక్కెర వంటివి చేరుస్తారు. హాప్ చేదు తక్కువ.

పరీక్షించే విధానం

బీరు మరీ చల్లగా ఉంటే వాసనలు బయటపడవు. 7 నుండి 10 డిగ్రీల సెల్సియస్ అనుకూలం. శుభ్రమైన గాజు గ్లాసులో నురుగు నిలిచేటట్లు పోసి, ముందుగా వాసన చూడాలి. సున్నితమైన పరిమళాలు త్వరగా ఎగిరిపోతాయి. రంగు గడ్డిపసుపు నుండి బంగారు ఛాయ వరకు ఉండవచ్చు. వడకట్టని బీరు కొద్దిగా మసకగా ఉన్నంతమాత్రాన దోషం కాదు.

తరువాత ఒక గుక్క నోటిలో తిప్పి మింగాలి. ద్రాక్షసారాను రుచిచూసేవారు ఉమ్మివేస్తారు గాని, బీరు పరీక్షకులు సాధారణంగా కొద్దిగా మింగుతారు. మింగిన తరువాత మిగిలే చేదును అంచనా వేయడం ఇందులో ముఖ్యం. రొట్టెను పోలిన మాల్టు తీపి మొదట తగిలి, హాప్ చేదు దానిని తుడిచివేసి, చివరకు నోరు పొడిగా మిగలాలి. తీపి నాలుకకు అంటుకుని ఉండిపోతే ఆ బీరు ఎంత గాఢమైనదైనా పిల్స్‌నర్ లక్షణం కోల్పోయినట్లే.

సాధారణ లోపాలు

ఉడికించిన మొక్కజొన్న పొత్తు వాసన డైమిథైల్ సల్ఫైడు వలన వస్తుంది. లేత మాల్టు కషాయాన్ని చాలినంతసేపు మరిగించకపోవడం దీనికి ఒక కారణం. కరిగిన వెన్న వాసనకు డైఅసిటైల్ కారణం. చెక్ బీర్లలో ఇది లేశమాత్రంగా ఉంటే ఆమోదిస్తారు. తడిసిన అట్టపెట్టె వాసన ఆక్సీకరణకు గుర్తు. పచ్చ సీసాలలోని బీరుకు ఎండ తగిలితే హాప్ పదార్థాలు మారి దుర్గంధం పుడుతుంది. గాఢమైన బీర్లలో ఎక్కువగా భయపడవలసినది గొంతులో మంట. అధిక ఉష్ణోగ్రతలో పులియబెట్టినపుడు ఏర్పడే ఫ్యూసెల్ ఆల్కహాళ్ళు దీనిని కలిగిస్తాయి. మెల్లని వెచ్చదనం మాత్రం దోషం కాదు.

మార్కులు

అమెరికాలో 1985లో ప్రారంభమైన బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ పద్ధతిలో మొత్తం 50 మార్కులు: వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోటిలోని స్పర్శకు 5, మొత్తం అభిప్రాయానికి 10. పరీక్షకుడు ఒక్కొక్క బీరును కొద్ది పరిమాణంలోనే తీసుకుంటాడు. 8.8 శాతం గల 330 మి.లీ. సీసాలో సుమారు 29 మి.లీ. శుద్ధ ఆల్కహాలు ఉంటుంది కనుక, వరుసగా నిండు గ్లాసులు తాగితే నాలుక తీర్పు నమ్మదగినదిగా ఉండదు.